పాత చైనా వెదురు, గట్టి కర్ర ఫర్నిచర్: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మా ఊరు రాజంపేట పక్కన. పదకొండేళ్ళుగా సింగపూర్‌లో, పాత చైనా సామాను బాగుచేసే ఒక వర్క్‌షాపులో పని చేస్తున్నాను. సెలవుల్లో ఇంటికి వెళ్ళినా, వాట్సాప్ తెరిచినా ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొందామనే ఆలోచన పుట్టినప్పుడు

చైనా యాంటిక్ అంటే ఏ కాలం నాటిది?

షాపుల్లో కనబడే వాటిలో ఎక్కువభాగం ఛింగ్ వంశం (1644–1911) చివరి వందేళ్ళవి. అందరూ కలలుగనేవి మాత్రం మింగ్ వంశం (1368–1644) చివరి రోజులవీ, ఆ తర్వాతి కొద్ది దశాబ్దాలవీ. అంతకుముందు సముద్ర వ్యాపారం మీద ఉన్న నిషేధాన్ని మింగ్ ప్రభుత్వం 1567లో సడలించింది. దాంతో పరాయి దేశాల గట్టి కర్ర ఓడల్లో వచ్చి దిగడం మొదలైంది. సుజౌ లాంటి ఊళ్ళలో డబ్బున్న వర్తకులూ చదువుకున్న అధికారులూ ఉన్నారు, చెయ్యి తిరిగిన వడ్రంగులూ ఉన్నారు. అన్నీ ఒక్కచోట కలిసొచ్చాయి.

షాపువాడు "మింగ్" అంటే "మింగ్ కాలందా, మింగ్ పద్ధతిలో చేసిందా?" అని వెంటనే అడగండి. పోయిన నెల చేసిన కుర్చీని కూడా మింగ్ పద్ధతి అని చెప్పుకోవచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో సగం మంది ఈ ఒక్క మాట దగ్గరే పోగొట్టుకున్నారు.

ఒకప్పుడు వాళ్ళూ మనలాగే నేల మీద కూర్చునేవాళ్ళు కదా, ఇన్ని కుర్చీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

నిజమే, చాపల మీదే కూర్చునేవాళ్ళు. మడతపెట్టే పీట క్రీ.శ. రెండో శతాబ్దంలో, హాన్ వంశం చివర్లో, పడమటి వైపు నుంచి వచ్చింది. దాని పేరుకు అర్థమే "పరదేశుల ఆసనం". సొంగ్ కాలానికి (960–1279) కుర్చీ, ఎత్తు బల్ల మామూలైపోయాయి. అయినా నేలబారు అలవాటు పూర్తిగా పోలేదు. ఉత్తరాన చలికాలంలో కింద మంట పెట్టి వెచ్చచేసే ఇటుక అరుగు మీద కూర్చుని వాడుకునే పొట్టి బల్లలు అలాగే ఉండిపోయాయి. వాటిని కాంగ్ బల్లలంటారు. కింద కూర్చుని భోంచేసే మన ఇళ్ళకు అంతకన్నా పనికొచ్చేది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. పెద్ద కుర్చీల మోజులో ఎవరూ వాటి వంక చూడరు.

ఏయే కర్రల పేర్లు గుర్తుపెట్టుకోవాలి?

నాలుగైదు చాలు. హువాంగ్‌హువాలీ అంటే హైనాన్ దీవిలో పెరిగే సుగంధపు రోజ్‌వుడ్. తేనె రంగులో ఉంటుంది, చారల మధ్య "దెయ్యం మొహాలు" అని పిలిచే సుడులు కనబడతాయి. పేరులోని "హువాంగ్" అంటే పసుపు. పాత పేరు వట్టి హువాలీయే. జితాన్ నల్లటి ఊదారంగు, చాలా బరువు. జిచిము కోడి రెక్క ఈకల్లాంటి చారలున్నది. పాత మంచి కర్ర దొరకడం తగ్గాక, ఛింగ్ మధ్యకాలం నుంచి వచ్చిన రోజ్‌వుడ్ రకాలను హోంగ్‌ము అన్నారు. ఇప్పుడది ఒక గుంపు పేరు. 2000 నాటి చైనా ప్రమాణం దాని కింద 33 జాతులను చేర్చింది, 2017లో సవరించి 29 చేసింది. కాబట్టి "అసలైన హోంగ్‌ము" అని చెబితే ఏమీ చెప్పనట్టే.

ఇక ఊళ్ళలో మామూలు జనం వాడింది యూము, అంటే ఎల్మ్ కర్ర. మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పనితనం అదే, ధరలో మాత్రం పోలికే లేదు.

జితాన్ అంటే మన ఎర్రచందనమేనన్నారు, నిజమేనా అన్నా?

నిజమే. చైనా ఫర్నిచర్ ప్రమాణంలో జితాన్ అని రాసి ఉన్నది మన ఎర్రచందనం చెట్టే. పాత పత్రాల్లో ఆ పేరు కింద దగ్గరి జాతుల కర్ర కూడా కలిసిపోయి ఉండొచ్చని పండితులు అంటారు, అది వేరే సంగతి. ఆ చెట్టు అడవిలో తనంత తాను పెరిగే చోటు చాలా చిన్నది. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, నల్లమల అంచులు, కాస్త తమిళనాడు వైపు.

చిన్నప్పుడు మాకు ఎర్రచందనం అంటే రాత్రిపూట అటవీశాఖ జీపుల వెలుతురు. ఆ దుంగలతో ఎవరు ఏం చేస్తారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. రంగు తీస్తారనీ, మందు చేస్తారనీ ఏవేవో అనుకునేవాళ్ళం. బీజింగ్ రాజభవనంలో జితాన్ సింహాసనం ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఊరి గుట్టే.

ఛింగ్ చక్రవర్తి ఛియెన్‌లోంగ్ (పాలన 1735–1796) కాలంలో రాజు కార్ఖానాల్లో ఈ కర్రకు ఉన్న గౌరవం మరి దేనికీ లేదు. దీని చేవ చాలా సన్నని నేత. ఉలి ఎటు తిప్పినా అంచు చిట్లదు, అందుకే అంత దట్టమైన చెక్కుడు పని నిలిచింది. కాకపోతే చెట్టు నెమ్మదిగా లావెక్కుతుంది, లోపల బోలు పడుతుంది. "పది జితాన్‌లలో తొమ్మిది బోలు" అని చైనాలో సామెత. బారెడు వెడల్పున ఒకే పలక చూపించి జితాన్ అంటే మెల్లిగా బయటికి వచ్చేయండి.

వెదురు సామాను పేదవాళ్ళది కదా, అది యాంటిక్ ఎలా అవుతుంది?

ఇది అడిగితే నాకు కొంచెం కోపం వస్తుంది. వెదురుతో చేసినవి దక్షిణ చైనాలో అందరి ఇళ్ళలో ఉండేవి. పండితుల తోటల్లోనూ, సన్యాసుల మఠాల్లోనూ ఉండేవి. పాత చిత్రపటాల్లో కనబడతాయి. కానీ పురుగు తిని, చెమ్మ తిని, పొయ్యిలోకి పోయి చాలావరకు మిగల్లేదు. 18వ శతాబ్దానికి ముందు వెదురు కుర్చీ చేతికి దొరకడం బహు అరుదు.

దాని బంధం దగ్గరగా చూడండి. అడ్డగడలో కాలు పట్టేంత మేర గాటు తీస్తారు, పై చర్మం పొర మాత్రమే మిగులుతుంది. అక్కడ నిప్పు సెగ తగిలిస్తే వెదురు మెత్తబడుతుంది. వెంటనే దాన్ని నిలువుగడ చుట్టూ మడుస్తారు. చల్లారాక ఆ పట్టు వదలదు, వెదురు చీల ఒకటి కొడితే చాలు. మేదరి పని చూసి పెరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, హువాంగ్‌హువాలీ లాంటి ఖరీదైన కర్రతో చేసేవాళ్ళు ఈ వెదురునే అనుకరించారు. కర్ర అలా వంగదు. అందుకని అడ్డకర్రలు కాళ్ళను చుట్టుకున్నట్టు కనబడేలా ముక్కలు కోసి అతికారు. కొందరైతే కణుపులు కూడా చెక్కారు. బంగారం ధర పలికే కర్ర వెదురు వేషం కట్టిందన్నమాట.

మచ్చల వెదురుకు ఇంకా గిరాకీ. షున్ అనే రాజు చనిపోతే ఆయన ఇద్దరు భార్యలు షియాంగ్ నది ఒడ్డున ఏడ్చిన కన్నీళ్ళే ఆ మచ్చలని కథ. అసలు కారణం శిలీంధ్రం.

## చూడ్డానికి వెళ్ళినప్పుడు

షాపులో అడుగుపెట్టగానే ఏం చూడాలి?

కింద చూడండి. టార్చి పట్టుకుని బల్ల కింద వెల్లకిలా పడుకోండి, సిగ్గుపడకండి. పైభాగాన్ని ఎవడైనా ముసలిదాన్ని చేయగలడు: టీ నీళ్ళు, బూటు పాలిష్, బురదలో పాతిపెట్టడం. కడుపు కింద అబద్ధమాడటం కష్టం.

పాత బల్లల అడుగున చాలాసార్లు గుడ్డా బూడిదా కలిపి పూసిన లాక్కర్ పొర ఉంటుంది, ఎండిపోయి పెచ్చులూడుతూ. ఈ లాక్కర్ మన ఏటికొప్పాక బొమ్మల లక్క కాదు. మనది పురుగు ఇచ్చేది, వాళ్ళది చెట్టు జిగురు. పొర లేనిచోట చేతి చిత్రిక గాట్లు వేలికి తగులుతాయి. విల్లులా వంగిన రంపపు గీతలు కనబడితే అవి యంత్రపు గుండ్రటి రంపానివి.

తర్వాత అరుగుదల చూడండి. కుర్చీ ముందు అడ్డకర్ర మధ్యలో అరగాలి, ఎందుకంటే పాదాలు అక్కడే పెడతారు. ఎవరూ తొక్కని వెనక అడ్డకర్ర కూడా అంతే అరిగిందంటే, అరగదీసింది మనుషులు కాదు, యంత్రం. కాళ్ళ అడుగుభాగం చెమ్మకు నల్లబడి, పీచు లేచి ఉండాలి.

మేకులు లేకుండా అదెలా నిలబడుతుంది? మేకు కనబడితే నకిలీయేనా?

పట్టె మంచం కోళ్ళలోకి పట్టెలు దించుతాం చూడండి, మూలసూత్రం అదే. ఒక ముక్క కొసను నాలుకలా చెక్కి రెండో ముక్క బెజ్జంలోకి దించుతారు. వాళ్ళు దాన్ని చాలా దూరం తీసుకెళ్ళారు. బల్ల మూలలో బయటికి ఏటవాలు గీత ఒక్కటే కనబడుతుంది, లోపల రెండు మూడు నాలుకలు దాక్కుని ఉంటాయి. వెనక నుంచి చేతుల దాకా గుండ్రంగా వచ్చే కుర్చీలో ఆ వంపు ఒకే కర్ర కాదు, మూడో అయిదో ముక్కలు. ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటే మధ్యలో చీల బిగిస్తారు.

ఇవన్నీ విడదీసి మళ్ళీ కూర్చవచ్చు. బల్లమీది పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుతారు, వానాకాలం ఉబ్బడానికీ ఎండాకాలం ముడుచుకోవడానికీ చోటుంటుంది. మేకు ఉన్నంత మాత్రాన నకిలీ అయిపోదు. బాగుచేయడం చేతకానివాడు ఎవడో మధ్యలో కొట్టి ఉంటాడు. మేము రోజూ పీకేవి అవే.

నీళ్ళలో మునిగితే జితాన్, స్పిరిట్‌తో తుడిస్తే ఎరుపు దిగితే జితాన్ అంటారు. నమ్మొచ్చా?

సగమే నమ్మండి. జితాన్ నీళ్ళలో మునిగే మాట నిజం, దూదికి స్పిరిట్ తడిపి రుద్దితే ఎరుపు దిగే మాటా నిజం. కానీ మునిగే కర్రలు ఇంకా చాలా ఉన్నాయి, రంగు వేసిన కర్ర కూడా దూదిని ఎరుపు చేస్తుంది. కొత్తలో నేనొక జితాన్ పెట్టె కొన్నాను. షాపువాడే దూది తెచ్చి రుద్ది చూపించాడు. ఇంటికొచ్చి మూత బందు విప్పితే, దాని కింద కర్ర తెల్లగా నవ్వింది. రెండు నెలల జీతం. ఆ పెట్టె ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, అందులో ఉలులు పెట్టుకుంటాను. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు కర్ర నుంచి చిన్న పెచ్చు తీసి మైక్రోస్కోప్ కింద కణాలు చూపించే ప్రయోగశాల పరీక్ష ఒక్కటే దారి.

పాత కర్రతోనే కొత్తగా చేశారని ఎలా పట్టుకోవాలి?

ఇదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే కర్ర నిజంగానే పాతది. విరిగిన మంచాలు, ఇంటి స్తంభాలు కోసి బల్లలు చేస్తారు. పనిలేని చోట పూడ్చిన బెజ్జాలు వెతకండి. ఎటూ కలవని పాత రంధ్రం ఉందంటే ఆ కర్రకు పూర్వజన్మ ఒకటుంది. ఒకే చట్రంలో నాలుగు కర్రలూ నాలుగు రకాలుగా ముదిరి ఉన్నా అంతే.

వెదురు కుర్చీ వయసు ఎలా తెలుస్తుంది?

వాసన, మెరుపు, చీలికలు. చేయి ఆనే చోట పాత చర్మం గాజులా మెరుస్తుంది, చేయి అందని మూలల్లో మసకగా ఉంటుంది. ఒంటినిండా ఒకే రంగు ఉంటే వార్నిష్ వేసినట్టు. మచ్చలను నిప్పుతోనో యాసిడ్‌తోనో పుట్టించేవాళ్ళున్నారు. అలాంటివి వరసగా, ఒకే కొలతలో పడతాయి.

ధర ఎంత ఉంటుంది?

ఒక్క ఉదాహరణ చెబుతాను. న్యూయార్క్ కలెక్టర్ రాబర్ట్ ఎల్స్‌వర్త్ వస్తువులను 2015 మార్చిలో క్రిస్టీస్ వేలం వేసింది. 17వ శతాబ్దపు నాలుగు హువాంగ్‌హువాలీ కుర్చీల సెట్‌కు 8 నుంచి 12 లక్షల డాలర్లు రావచ్చని అంచనా వేశారు. పలికింది 96 లక్షల 85 వేలు. ఆ వార్త చదివి మీ ఇంటి కుర్చీకి లెక్కలు కట్టకండి. అదే కాలపు ఎల్మ్ కుర్చీ, వెదురు కుర్చీ ఆ లోకంలో ఉండవు.

కొనకుండా మంచివి ఎక్కడ చూడొచ్చు?

కళ్ళు తయారవ్వాలంటే షాంఘై మ్యూజియం. ఈ విద్యకు ఆద్యుడి లాంటి పండితుడు వాంగ్ షిషియాంగ్ (1914–2009) ఏళ్ళ తరబడి సేకరించిన 79 వస్తువులు 1993లో అక్కడికే చేరాయి. జితాన్ కోసమే బీజింగ్‌లో 1999లో ఒక మ్యూజియం తెరిచారు. ఎగుమతి కోసం చేసిన వెదురు సామానుకైతే ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు భవనంలో చైనా, జపాన్ గదులను ఈసారి తీరిగ్గా చూడండి, గడియారం దగ్గరే ఆగిపోకుండా.

## ఇంటికి తెచ్చుకునేటప్పుడు

చైనా వెళ్ళినప్పుడు అక్కడే కొని తెచ్చుకోవచ్చా?

పాతదైతే కుదరదు. 2007 నుంచి అక్కడి నిబంధన ప్రకారం 1911కు ముందువి దేశం దాటకూడదు. అంతకుముందు ఆ గీత 1795 దగ్గర ఉండేది. మరి బయట ఇన్ని ఎలా ఉన్నాయంటే, బీజింగ్‌లో ఉన్న విదేశీయులు 1930లలో పట్టుకెళ్ళినవి కొన్ని, 1980, 90లలో హాంకాంగ్ మీదుగా వచ్చినవి చాలా. అందుకే పాత రసీదు, పాత వేలం జాబితా ఉంటే వస్తువుతో పాటు వాటినీ జాగ్రత్తగా అడిగి తీసుకోండి.

జితాన్ బల్ల తెస్తే కస్టమ్స్ వాళ్ళు ఎర్రచందనం అని పట్టుకుంటారా?

కాగితాలు లేకపోతే పట్టుకోవడం వాళ్ళ తప్పు కాదు. అంతరించే ప్రమాదమున్న మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. ఎర్రచందనం 1995 నుంచి, రోజ్‌వుడ్ జాతి దాదాపు మొత్తం 2017 జనవరి నుంచి దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. అవసరమైన చోట, వస్తువు ఆ తేదీల కన్నా పాతదని ఎగుమతి చేసే దేశపు సైటిస్ కార్యాలయం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఓడ ఎక్కకముందే అది చేతిలో ఉండాలి. మన రేవుకు వచ్చాక తెప్పిస్తాలే అంటే తెగదు.

వెదురు వస్తువుకు వేరే ఇబ్బందులున్నాయా?

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్నవాళ్ళకు ఉన్నాయి. వెదురు, పేము అంటే అక్కడ పురుగు భయం ఎక్కువ, శుద్ధి చేయించమంటారు.

## ఇంట్లో పెట్టుకున్నాక

ఎండాకాలం రాగానే బల్ల మధ్యలో సందు కనబడుతోంది. చీలిపోయిందా?

సందు పలకకూ చట్రానికీ మధ్యన ఉంటే భయం లేదు. ఆ పలకను కదలడానికే వదులుగా దించారు, వానలు పడగానే మూసుకుంటుంది. దాంట్లో లప్పం కూరి, జిగురు పోసి బిగించేస్తే వచ్చే వానాకాలానికి ఉబ్బే చోటు లేక చట్రం మూలలు విచ్చుకుంటాయి. అమెరికాలో చలికాలం హీటర్ వేసుకునే ఇళ్ళలో ఇదే గొడవ ఇంకా ఎక్కువ. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. వెదురైతే మరీ, రాత్రిపూట టప్పుమని నిలువునా పగులుతుంది.

మసకబారింది, గీకించి కొత్త పాలిష్ వేయిస్తే మెరుస్తుంది కదా?

వద్దు. నేను పనిలో చేరిన మొదటి ఏడు, చెప్పకుండానే ఒక కుర్చీ చేతిని గరుకు కాగితంతో రుద్దాను. మెరుస్తుందనుకున్నాను. మా పెద్ద మేస్త్రీ వచ్చి చూశాడు. తిట్టలేదు. నా వేలు పట్టుకుని ముందు రుద్దని చేతి మీదా, తర్వాత రుద్దిన చేతి మీదా నడిపించాడు. ఒకటి పాత వెండిలా ఉంది, ఇంకోటి సుద్దలా. రెండువందల ఏళ్ళు మనుషుల చేతులు పట్టించిన నునుపు అరగంటలో పోయింది. పొడిగుడ్డ, మెత్తటి బ్రష్, ఏడాదికోసారి పలచగా మైనం. అంతే.

కుర్చీ కింద పసుపు రంగు పొడి రాలుతోంది. కిరసనాయిలు కొట్టమంటారా?

కిరసనాయిలు, వేపనూనె రెండూ వద్దు, మరక పోదు. పొడి ఊడ్చి, కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. మళ్ళీ రాలితే పురుగు బతికే ఉంది. వెదురులోని పిండిపదార్థం దానికి తిండి. హువాంగ్‌హువాలీ చేవను సాధారణంగా ముట్టదు, లోపల వాడిన మెత్తకర్రను తింటుంది. చిన్న వస్తువైతే ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచవచ్చు. బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా చుట్ట విప్పొద్దు. చెదలైతే వస్తువును కాదు, ముందు ఇంటిని చూపించుకోండి.

పేము సీటు కుంగిపోయింది. ప్లైవుడ్ వేయించనా?

చట్రం లోపలి అంచున వరసగా చిన్న రంధ్రాలుంటాయి, పేము అల్లడానికి. వాటిని పూడ్చకుండా పైన ప్లైవుడ్ పలక ఉంచుకుంటే పరవాలేదు, రేపు ఎప్పుడైనా తీసి అల్లించవచ్చు. మేకులు మాత్రం కొట్టనివ్వకండి.

దేవుడి దగ్గర పెట్టుకోవచ్చా?

కొసలు పైకి తిరిగిన పొడుగుబల్లలు అక్కడ కూడా పూజకు వాడినవే, నిరభ్యంతరంగా పెట్టుకోండి. కుంది కింద ఇత్తడి పళ్ళెం తప్పకుండా ఉంచండి. నూనె దిగిన కర్రను మేమూ బాగుచేయలేం.

## పాతది ఇంట్లోనే ఉన్నప్పుడు

మా తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన కుర్చీ ఉంది. చైనాదేనా, ఎంతకు పోతుంది?

ఇలాంటి ఫొటోలు నాకు కోస్తా జిల్లాల నుంచే ఎక్కువ వస్తాయి. రంగూన్‌లోనూ కలకత్తాలోనూ చైనా వడ్రంగులు ఉండేవాళ్ళు. బర్మా టేకుతో, కొన్నవాళ్ళ అభిరుచికి తగ్గట్టు చేసేవాళ్ళు. అందుకే ఆకారం దొరల కుర్చీలా ఉంటుంది, బంధాలు మాత్రం చైనావి. వేలంలో పెద్ద ధర రాదు. విదేశంలో ఉన్న కొడుక్కి పంపాలన్నా ముందు ఆలోచించండి. వందేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు మనిషి దేశం బయటకు పంపడానికి 1972 చట్టం ఒప్పుకోదు. వయసు మీద అనుమానముంటే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి.

నాకు ఫొటో పంపేటప్పుడు ముందు నుంచి తీసింది ఒక్కటి చాలు. మిగతావన్నీ కుర్చీని తిరగేసి తీయండి. కాకినాడ నుంచి ఒకావిడ అలా తిరగేస్తే, సీటు కింద పెన్సిల్‌తో రాసిన చైనా అంకె ఒకటి బయటపడింది. ఏడు. మిగతా కుర్చీలు ఎక్కడున్నాయో అని ఇప్పుడు వాళ్ళ చుట్టాలందరి ఇళ్ళలో కుర్చీలు తిరగేస్తున్నారు.